ఏడవ బాటసారి

జైన మందిరముల గోడలమీదను, పాఠశాలల పటములలోను ఒక నేరేడుచెట్టు, ఆరుగురు బాటసారులు ఉన్న చిత్రము తరచుగా కానవచ్చును. ఆకలిగొన్న ఆరుగురు అడవిలో పండ్లతో నిండిన చెట్టును చూచిరి. మొదటివాడు చెట్టును మొదలంట నరుకుదమనెను. రెండవవాడు పెద్దకొమ్మలు చాలుననెను. మూడవవాడు చిన్నకొమ్మలను, నాలుగవవాడు గుత్తులను, అయిదవవాడు పండిన పండ్లను మాత్రమే కోయుదమనిరి. ఆరవవాడు, నేలరాలిన పండ్లతోనే ఆకలి తీరును గదా, చెట్టును ముట్టనేల అనెను. కృష్ణలేశ్య మొదలు శుక్లలేశ్య వరకు గల మనోభావముల తారతమ్యమును పసిపిల్లలకు సైతము బోధపరచు కథ ఇది.

ఈ కథలో ఏడవవాడు లేడు. వానికి ఆకలి లేదు. కోసిన పండు గాని, రాలిన పండు గాని వానికి అక్కరలేదు. ఆ చెట్టు మిక్కిలి గొప్పదని విని, ఒక్కసారి కన్నులార చూచి పోవుటకే దూరమునుండి వచ్చినాడు. చేతిలో గొడ్డలి లేదు. మనస్సులో లోభము లేదు. అట్టివాని వలన చెట్టునకు హాని కలుగునా? కలిగినచో ఆ దోషము వానిదా, చెట్టున్న చోటును వానికి చెప్పినవానిదా? ప్రశ్న వింతగా తోచవచ్చును. కాని దీనికి సాక్ష్యము చెప్పగల అడవి ఒకటి కలదు.

అమెరికా సంయుక్త రాష్ట్రముల పడమటి తీరమున, ఒరెగాన్ రాష్ట్రపు దక్షిణపు కొసనుండి కాలిఫోర్నియాలోని బిగ్ సర్ ప్రాంతము వరకు, సుమారు 450 మైళ్ల పొడవున సన్నని పట్టీవలె సాగిన నేలమీద రెడ్‌వుడ్ వృక్షములు పెరుగును. చేవ ఎఱ్ఱగా నుండుటచే వానికా పేరు వచ్చినది. భూమిమీద ఇంతకన్న ఎత్తయిన వృక్షజాతి లేదు. 300 అడుగులు దాటినవి అనేకము కలవు. 2,000 సంవత్సరములు దాటి బ్రదికినవియు కలవు. అనగా, ఒడిశాలోని ఉదయగిరి గుహపై ఖారవేల మహారాజు శాసనము చెక్కించిన కాలమునకు ఇంచుమించుగా మొలకెత్తిన చెట్లు నేటికిని చిగురించుచున్నవన్నమాట.

ఇంతటి చెట్టు టమాట గింజంత విత్తనమునుండి పుట్టును. దానికి తల్లివేరు లేదు. వేళ్లు పది పండ్రెండు అడుగుల లోతుకన్న దిగక, ప్రక్కలకు నూరడుగుల వరకు ప్రాకి, ఇరుగుపొరుగు చెట్ల వేళ్లతో పెనవేసికొని, ఒకదాని నొకటి పట్టుకొని నిలుచును. ఆ దేశమున వేసవిలో వానలు అరుదు. సముద్రముమీదినుండి వచ్చు పొగమంచు ఆకులకు తగిలి, చుక్కలు చుక్కలుగా రాలి వేళ్లను తడుపును. కొంత నీటిని ఆకులే గ్రహించును. అడుగు మందము గల బెరడు నిప్పునకు అంత తేలికగా లొంగదు. మీద కొమ్మల సందులలో రాలిన ఆకులు యుగములుగా కుళ్లి మన్నై, ఆ మంటిలో ఫెర్న్ మొక్కలును, పండ్ల పొదలును మొలచును; నేలను ఎన్నడును తాకకయే బల్లివంటి సాలమాండర్లు అందులో బ్రదుకుచుండును. ఏకేంద్రియ జీవి యని శాస్త్రము చెప్పిన వృక్షము, పంచేంద్రియ జీవుల ఊరినే తలపై మోయుచున్నది.

ఇట్టి అడవులు 1849 నాటి బంగారపు వెఱ్ఱికి పూర్వము సుమారు 20 లక్షల ఎకరములుండెను. నేడు ప్రాచీనారణ్యముగా మిగిలినది నూటికి సుమారు అయిదు వంతులు మాత్రమే. తక్కినదంతయు ఇండ్ల పలకలుగా, రైలుదారి దుంగలుగా, నీటితొట్లుగా అమ్ముడువోయినది. 1906లో భూకంపమునకును అగ్నికిని ఆహుతియైన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమును తిరిగి కట్టుటకు కలప గిరాకి ఇంకను హెచ్చినది. ఇది మొదటి బాటసారి కథ. శ్రావకుడు విడువవలసిన పదునైదు కర్మాదానములలో వనకర్మ, అనగా అడవిని నరికి అమ్ము వ్యాపారము, ఎందుకు చేర్చబడినదో వర్తకులకు వేరుగ చెప్పనక్కరలేదు. వర్తకము తప్పు కాదు. దేనిని సరకుగా ఎంచరాదో తెలియకుండుట తప్పు.

ఆ అడవిని కాపాడినవారిలోను ధనవంతులున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోకు దాపున ఒక కనుమలో మిగిలిన రెడ్‌వుడ్ వనమును విలియం కెంట్ అను ధనికుడు 1905లో 45,000 డాలర్లకు కొనెను. ఒక నీటి కంపెనీ అచట ఆనకట్ట కట్టుటకు ఆ నేలను చట్టప్రకారము తీసికొనబోగా, కెంట్ 295 ఎకరములను దేశప్రభుత్వమునకు దానమిచ్చి ఆ యత్నమును వమ్ము చేసెను. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1908 జనవరి 9న దానిని జాతీయ స్మారకముగా ప్రకటించెను. దానికి దాత పేరు పెట్టుదమని అధ్యక్షుడు కోరగా కెంట్ ఒప్పుకొనలేదు. తన కొడుకులు తన పేరును నిలుపలేకపోయినచో ఆ పేరు మరపునకు వచ్చినను తనకు చింత లేదని వ్రాసెను. ప్రకృతి శాస్త్రజ్ఞుడు జాన్ మ్యూర్ పేర అది మ్యూర్ వుడ్స్ అయినది. చలువరాతి పలకలమీద పేర్లు చెక్కించు అలవాటుగల సమాజములు ఈ యుదంతమును ఒకమారు తలచుకొనవచ్చును. అటుపిమ్మట జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ఉత్తరమున మరియొక మహావనమును కొనుటకు 20 లక్షల డాలర్లు ఇచ్చెను.

ఇట్లు గొడ్డలి ఆగినది. కథ ఇక్కడ ముగిసినచో ఎంత బాగుండును! కాని గొడ్డలి పోయిన త్రోవనే ఏడవ బాటసారి వచ్చినాడు.

2006లో క్రిస్ ఆట్కిన్స్, మైకేల్ టేలర్ అను ఇద్దరు అన్వేషకులు రెడ్‌వుడ్ జాతీయోద్యానవనపు మారుమూల లోయలో ఒక చెట్టును కనుగొనిరి. పిదప స్టీవ్ సిలెట్ అను శాస్త్రజ్ఞుడు దానిపై కెక్కి కొలిచి, 379 అడుగుల పైచిలుకు ఎత్తున్నదని తేల్చెను. లోకములో తెలిసిన ఎత్తయిన చెట్టు అదియే. దానికి హైపీరియన్ అని పేరిడి, ఉన్న చోటును మాత్రము రహస్యముగా నుంచిరి. బాట లేదు, గుర్తు లేదు. అయినను కొన్నియేండ్లకు ఆ రహస్యము పొక్కినది. చోటు తెలిసినవారు ఫోటోలతోబాటు దారి గుర్తులను గూడ ఇంటర్‌నెట్టులో లోకమునకంతకు చాటిరి. వేలకొలది జనము ముళ్లపొదలను త్రొక్కుకొని, వాగు దాటి పోసాగిరి. మొదటివాని అడుగున ఫెర్న్ ఆకు వంగినది. నూరవవాని అడుగున విరిగినది. వేయవవాని నాటికి అచట ఫెర్న్ లేదు, ఉత్తనేల మాత్రమున్నది. చెట్టునకు దాపున చెత్త చేరినది, మలమూత్రములు చేరినవి. తుదకు 2022లో ఉద్యానవనము వారు ఆ తావును మూసివేసి, అచటికి పోయినవానికి 5,000 డాలర్ల వరకు జుల్మానా, ఆరునెలల వరకు ఖైదు విధింపబడునని ప్రకటించిరి.

ఇందులో వింతయేమనగా, చెట్టు మొదట నిలిచినవానికి దాని ఎత్తు కానరాదు. దట్టమైన కొమ్మలలో శిఖరము దాగియుండును. కన్నులకు కనబడునది మొదలు మాత్రమే. అంతకన్న లావైన మొదళ్లు బాట ప్రక్కనే అనేకము కలవు. అయినను అంతదూరము పోయినవారు దేనిని చూడబోయిరి? చెట్టును కాదు, చెట్టును చూచినవాడనిపించుకొను తమ్ము తాము చూచుకొనబోయిరి. దీనికి లోభమని కాక మరియేమి పేరు? పండును కోరకపోయినను పేరును కోరుటయు పరిగ్రహమే.

త్రొక్కుడు వలన కలుగు హాని ఎట్టిదో గ్రహింపవలెను. అనేక పాదములు పడిన మన్ను గట్టిపడును. గట్టిపడిన మంటిలోనికి నీరును గాలియు దిగవు. ఈ చెట్ల వేళ్లు పైపైననే యున్నవని ముందే చెప్పబడినది. 2,000 ఏండ్ల చెట్టు ఒక్కనాటిలో చావదు. కాని దానికి తడిని నిలుపు ఫెర్నులు, నాచు, వానిలోని అసంఖ్యాక సూక్ష్మజీవులు ముందు నశించును. ఆ ప్రాంతమున ఓకు జాతి చెట్లను చంపు తెగులొకటి చెప్పుల కంటిన బురదతో సైతము ఒక అడవినుండి మరియొక అడవికి పోగలదు. చేతితో ఆకును తుంపని యాత్రికుడే తన చెప్పుల అడుగున మృత్యువును మోసికొని పోవచ్చును.

ఇంతకన్న సూక్ష్మమైన దృష్టాంతము మరియొకటి కలదు. మర్రలెట్ అను చిన్న సముద్రపక్షి యున్నది. అది పగలెల్ల సముద్రముమీద తిరుగును గాని, గ్రుడ్డు పెట్టుటకు మైళ్ల దూరము లోపలికి ఎగిరివచ్చి, ప్రాచీన వృక్షముల కొమ్మమీది నాచు పరుపుపై ఒకేయొక్క గ్రుడ్డు పెట్టును. అది ఎచట గూడు కట్టునో పక్షిశాస్త్రజ్ఞులకు చిరకాలము అంతుపట్టలేదు. 1974లో కాలిఫోర్నియాలోని బిగ్ బేసిన్ ఉద్యానవనమున చెట్టెక్కిన పనివాని కంట ఒక గూడు పడినప్పుడు గాని ఆ సంగతి తేలలేదు. నేడు ఆ జాతి క్షీణించుచున్నది. అడవి తరుగుట దానికి ప్రధాన కారణము. మరియొక కారణము రొట్టె తునకలు! విహారమునకు వచ్చినవారు తినుచు రాల్చిన తునకలకై జే అను నీలిపిట్టలును, బొంతకాకులును గుంపులుగా చేరును. చేరిన కాకి తునకతో ఆగదు; పైకెగిరి మర్రలెట్ గ్రుడ్డును గూడ తినును. అందుచే అక్కడి ఉద్యానవనముల వారు, ఒక్క తునకయైన రాల్పకుడని వచ్చినవారిని కోరుచున్నారు. తునక రాల్చినవాడు పక్షిని చూడలేదు, గ్రుడ్డును చూడలేదు. పిచ్చుకకు పెట్టిన పుణ్యము దక్కినదని కూడ అనుకొనియుండవచ్చును. ఫలము మాత్రము నూరడుగుల మీద, వాని కంటికి అందనిచోట జరిగిపోయినది.

తెలియక చేసిన దానికి దోషమున్నదా? హింసకు మూలము ప్రమాదమని, అనగా ఏమరుపాటని, ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున నిర్ణయించెను. జాగరూకుడై నడచువాని పాదము క్రింద అకస్మాత్తుగా జీవి పడినచో అది ఒక విషయము. తెలిసికొనగలిగియు తెలిసికొనక నడచుట వేరొక విషయము. 2006 నాటి యాత్రికుడు తెలియనివాడు. అడవి మూయబడిన పిమ్మట పోవువాడు తెలిసినవాడు. ఇద్దరి పాదములు ఒక్కటే బరువైనను ఇద్దరి కర్మబంధము ఒక్కటి కాదు.

సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమున అనర్థదండమును వివరించుచు ప్రమాదచర్యను పేర్కొనిరి. నిష్ప్రయోజనముగా నేలను త్రవ్వుట, నీటిని చల్లుట, నిప్పు రాజేయుట, మొక్కలను తుంపుట ఇందులో చేరును. వీనితోబాటు ఆయన మరి రెంటిని చేర్చిరి: ఒకటి సరణము, అనగా పనిలేక తిరుగుట, రెండవది సారణము, అనగా ఇతరులను పనిలేక తిరుగజేయుట. ఈ రెండవ మాటను చదువునప్పుడు పూర్వము పాఠకులు దానిని అంతగా పట్టించుకొనియుండరు. ఒక మనుష్యుడు ఎందరిని త్రిప్పగలడు? నేడు చేతిలోని ఫోనుతో ఒక్క నిమిషములో పదివేలమందిని ఒక చెట్టు మొదటికి త్రిప్పగలడు. తాను చేసినది, చేయించినది, మెచ్చుకొన్నది అను మూడింటికిని లెక్క గలదని బోధించిన ధర్మమునకు ఈ చిట్టా క్రొత్తది కాదు. పద్దు పెద్దదైనది, అంతే.

అట్లయినచో అడవులకు ఎవరును పోరాదా? ఇక్కడ ఎదుటిపక్షమును న్యాయముగా వినవలెను. 1963లో పాల్ జాల్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు రెడ్‌వుడ్ క్రీక్ అను ఏటి ఒడ్డున 367 అడుగుల చెట్టును కొలిచెను. మరుసటి యేడు నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో ఆ వార్త ప్రకటింపబడెను. అప్పటికి ఆ పరిసరముల కలప కోత జోరుగా సాగుచుండెను. ఆ చెట్ల గొప్పతనము తెలిసిన ప్రజల కోరిక బలపడి, 1968లో రెడ్‌వుడ్ జాతీయోద్యానవనము ఏర్పడుటకు ఆ వార్తయు తోడ్పడినది. 1978లో అది విస్తరింపబడినది; అప్పుడు చేర్చబడిన నేలలోనే తరువాత హైపీరియన్ దొరికినది. జాల్ నోరు మూసికొని యున్నచో ఆ చెట్లు నేడు పలకలై యుండెడివేమో! చూపుట వలన బ్రదికిన అడవి చూపుట వలననే నలిగినది. కావున చూపుట పాపమని గాని, దాచుట పుణ్యమని గాని ఒక్కమాటలో చెప్పుట ఏకాంతవాదమగును.

ఈ రెంటికిని గల భేదమును వర్తకుడు తేలికగా గ్రహింపగలడు. జాల్ చెప్పినది గొడ్డలిని ఆపుటకు; ఆ చెప్పుట వలని లాభము చెట్టు ఖాతాలో పడినది. రహస్యమును పొక్కించినవారు చెప్పినది తమ్ము మెచ్చుకొనుటకు. లాభము తమ ఖాతాలోను, నష్టము చెట్టు ఖాతాలోను పడినది. ఎవరి ఖాతాకు జమ, ఎవరి ఖాతాకు ఖర్చు అని అడిగిన చాలును.

చూచు త్రోవలోను ఇట్టి భేదమే కలదు. జాల్ చెప్పిన ఆ వనమునకు పోగోరువారు నేడు ముందుగా అనుమతి పొందవలెను. దినమునకు ఇన్ని బండ్లకే యని పరిమితి యున్నది. అనుమతి గలవారే తాళమువేసిన గేటు తెరచుకొని మట్టిదారిన పోయి, అటుపైన కాలినడకన సుమారు 800 అడుగుల లోతునకు ఏటి ఒడ్డుకు దిగుదురు. దిగినకొలది ఎండ పలుచనై, చప్పుడు తగ్గి, అడుగుల క్రింద మెత్తని ఆకుల పరుపు తగులును. మరల అదియంతయు ఎక్కి రావలెనుగాన తొందరపడువాడు అచటికి పోడు. మరియొక వనమున, గ్రోవ్ ఆఫ్ టైటన్స్ అనుచోట, ఇట్లే రహస్యము పొక్కి నేల పాడుకాగా, నేలకు తాకకుండ ఎత్తుమీద 1,300 అడుగుల పొడవున నడకబాట నిర్మించి 2022లో తెరచిరి. మ్యూర్ వుడ్స్‌కు 2018 నుండి బండి నిలుపుటకు సైతము ముందుగా చీటి పుచ్చుకొనవలెను.

ఈ నియమములు జైనులకు క్రొత్తవి కావు. శత్రుంజయ గిరికి పోవు యాత్రికులు కొండమీద భుజింపరు. సాయంకాలమగునప్పటికి అందరును దిగివత్తురు. చాతుర్మాస్యపు నాలుగు నెలలు యాత్రయే నిలిచిపోవును. సాధువులు ఆ నాలుగు నెలలు విహారము మాని ఒక్కచోట నుందురు. వానకు మొలచిన పచ్చికను, పుట్టిన క్రిమికీటకములను త్రొక్కకుండుటకే గదా! దేవుని దర్శనమునకే హద్దున్నప్పుడు చెట్టు దర్శనమునకు హద్దు లేకుండునా? దిగ్వ్రతము ధరించు శ్రావకుడు ఈ దిక్కున ఇంతదూరమే పోవుదునని నియమము చేసికొనును. ఆ హద్దునకు అవతలనున్న జీవులన్నింటికి అతడు ఆనాటినుండి అభయమిచ్చినవాడగును. పోగలిగియు పోకుండుట కూడ దానమే.

ఆ అడవి ఏకాంతమైనదని వ్రాయుట వాడుక. నిజమునకు యురోక్, టోలోవా జాతులవారు అనాదిగా ఆ ఏళ్ల ఒడ్డున నివసించినవారు. వలస వచ్చినవారు వారి నేలను లాగికొనిరి. యురోకుల దృష్టిలో రెడ్‌వుడ్ ప్రాణముగల బంధువు వంటిది. వారు పడవలను సంప్రదాయముగా తమంత తాము కూలిన చెట్ల మ్రానులతో తొలుచుకొనెడివారు. నేరేడుచెట్టు కథ వారు విని యుండరు; కాని ఆరవ బాటసారి వారిలో నుండెను. ధర్మము ఒక్క గ్రంథములోనే మొలకెత్తునది కాదని దీనివలన తెలియును.

నేడు కాలిఫోర్నియాలో తెలుగువారు అనేకులు కాపురమున్నారు. మిల్పిటాస్ పట్టణమున 2000 నుండి జైన మందిరము కూడ నున్నది. అచటి యువకుడు సెలవునాడు ఈ అడవులకు పోవుట సహజము. పోవలదనుట ధర్మము కాదు. అంతటి ప్రాణమును ఎన్నడును చూడనివానికి దానిపై కరుణ పుట్టుట కష్టము. పోవువాడు బాట విడువక, ఈర్యాసమితిని తలచి ముందు నేలను చూచుచు నడచుగాక. చెప్పులు దులుపుకొని పోవుగాక. తిన్న తునకలను ఏరి మూటగట్టుకొని తెచ్చుగాక. బాట లేనిచోటి చెట్టును గూర్చి విన్నచో, అది అక్కడ నున్నదని తెలియుటయే చాలునని సంతోషించుగాక. చూచివచ్చిన పిమ్మట చెట్టును గూర్చి చెప్పుగాక. తన్ను గూర్చి చెప్పకుండుగాక.

ఏడవ బాటసారి లేశ్య యేదని మొదట ప్రశ్న. దానికి సమాధానము వాని కన్నులలో లేదు. చూపు ఎల్లప్పుడును అమాయకముగనే కనబడును. వాడు వెడలిపోయిన పిమ్మట నేలను చూడవలెను. ఫెర్న్ ఆకు వంగక నిలిచియున్నచో వాడు ఆరవవాని ప్రక్కన కూర్చుండదగినవాడు.